లెక్క తెలిసిన చెయ్యి

నిర్మాణరంగంలో ఇనుముతో, ఉక్కుతో పనిచేసేవారిని స్థూలంగా రెండు వర్గాలుగా చూడవచ్చు. కాంక్రీటు పోయకముందే దాని లోపల ఉండవలసిన చువ్వలను కొలిచి, కోసి, వంచి, సన్నని బైండింగ్ వైరుతో ముడివేసి కట్టేవారు మొదటి వర్గం. వీరిని తమిళనాడులో కంబి పనివారనీ, ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల్లో రాడ్ బెండర్లనీ పిలుస్తారు. ఉక్కు స్తంభాలను, దూలాలను, పైకప్పును మోసే ట్రస్సులను క్రేనుతో లేపి నిలబెట్టి, బోల్టులతోనో వెల్డింగుతోనో కలిపేవారు రెండో వర్గం. రిగ్గర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు, గ్యాస్ కట్టర్లు ఈ కోవలోకి వస్తారు. ధర్మపురి జిల్లాలోని వర్షాధారపు పల్లెల నుంచి, తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల నుంచి కూడా, ఈ రెండు రకాల పనులకూ యువకులు హోసూరుకూ బెంగళూరుకూ తరలిపోవడం చాలాకాలంగా జరుగుతున్నదే. వారిలో కొందరు పదేళ్ల తర్వాత కూడా చువ్వలు మోసే హెల్పర్లుగానే మిగిలిపోగా, మరికొందరు నాలుగైదేళ్లలోనే ఫిట్టర్లుగా, మేస్త్రీలుగా ఎదగడానికి కారణం కండబలంలోనో ధైర్యంలోనో ఉందని చాలామంది భావిస్తారు. పనిని దగ్గరగా గమనిస్తే కారణం వేరేచోట కనిపిస్తుంది: ఎదిగినవారు లెక్క వేయగలరు, ఆ లెక్కను నలుగురి ముందు చెప్పగలరు.

ఈ ప్రాంతానికి ఇనుముతో ఉన్న అనుబంధం చిన్నది కాదు. సంగం కాలంలో తగడూరు అనే పేరుతో అదియమాన్ రాజుల ఏలుబడిలో ఉన్న ధర్మపురి, 1965 అక్టోబరు 2న సేలం నుంచి వేరుపడి జిల్లా కేంద్రమైంది. 2004లో దీని నుంచి కృష్ణగిరి విడిపోయింది. ఆ కృష్ణగిరి జిల్లాలోని మయిలాడుంపారై తవ్వకాల్లో దొరికిన ఇనుము సామాన్య శకానికి పూర్వం 2172 నాటిదని 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. సేలం పక్కనున్న కంజమలై ఇనుప ఖనిజానికి ప్రసిద్ధి కాగా, తెలుగునేల మీద నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రంలో తయారైన ఉక్కు ఒకప్పుడు పశ్చిమాసియా దాకా వెళ్లి కత్తులుగా మారింది. ఈ ఘనత ఉపన్యాసాలకు బాగానే పనికివస్తుంది గానీ, నేటి కంబి పనివాడి కూలిని అది ఒక్క రూపాయి కూడా పెంచదు గనుక అసలు విషయంలోకి వెళ్లడం మేలు.

బరువు, టన్ను రేటు

కంబి పనిలో అడుగుపెట్టినవాడు మొదట వశం చేసుకోవలసినది ఒకే ఒక్క సూత్రం. చువ్వ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, ఆ సంఖ్యను దానితోనే హెచ్చవేసి, వచ్చిన ఫలితాన్ని 162తో భాగిస్తే, ఒక మీటరు చువ్వ బరువు కిలోల్లో తెలుస్తుంది. ఆ 162 ఎవరో చెప్పిన మంత్రసంఖ్య కాదు. ఘనపు మీటరు ఉక్కు 7,850 కిలోలు తూగుతుందన్న వాస్తవం నుంచి వచ్చినదే. చువ్వలు సాధారణంగా 12 మీటర్ల నిడివితో వస్తాయి కాబట్టి, 8 మి.మీ. చువ్వ ఒక్కొక్కటి సుమారు 4.74 కిలోలు, 12 మి.మీ. చువ్వ 10.67 కిలోలు, 16 మి.మీ. చువ్వ 19 కిలోలకు కాస్త తక్కువ, 25 మి.మీ. చువ్వ 46.3 కిలోలు, 32 మి.మీ. చువ్వ దాదాపు 76 కిలోలు తూగుతాయి. చివరి రెండు సంఖ్యలను చూసినప్పుడే, ఏ చువ్వను ఒక మనిషి ఎత్తవచ్చు, దేనికి ఇద్దరు కావాలి, దేనిని యంత్రంతోనే కదిలించాలి అన్న నిర్ణయం కూడా తేలిపోతుంది. ముప్పై ఏళ్లు నిండకుండానే నడుము పోగొట్టుకునేవారిలో చాలామంది ఈ లెక్క ఎన్నడూ వేయనివారే.

అయితే ఈ సూత్రపు అసలు విలువ బేరంలో బయటపడుతుంది. పెద్ద సైట్లలో కంబి పనిని ముఠాకు టన్ను చొప్పున అప్పగించడం వాడుక. అంటే కట్టిన ఇనుము బరువును బట్టి ముఠాకు డబ్బు చెల్లిస్తారు. ఒక టన్నులో 25 మి.మీ. చువ్వలు 21 లేదా 22 మాత్రమే ఉండగా, 8 మి.మీ. చువ్వలు దాదాపు 211 ఉంటాయి. ప్రతి చువ్వనూ విడిగా కొలవాలి, కోయాలి, వంచాలి, మోయాలి, ముడివేయాలి గనుక, ఒకే టన్ను రేటుకు ఒప్పుకున్న ముఠా, భవనం మొత్తం కింద పరిచే మందపాటి రాఫ్టు పునాది దగ్గర సుఖపడి, పై అంతస్తుల స్లాబుల దగ్గరకు వచ్చేసరికి రోజుకూలికి కూడా గిట్టని స్థితిలో పడుతుంది. పునాది దశలో వచ్చిన డబ్బు చూసి ఉత్సాహపడి, స్లాబు దశలో మధ్యలోనే సైటు వదిలి ఊరికి తిరిగివచ్చే ముఠాలు తమ కష్టానికి కాంట్రాక్టరు మోసమే కారణమని నమ్ముతాయి. కొన్నిసార్లు అది నిజమే కావచ్చు, కానీ అనేక సందర్భాల్లో మోసం జరిగింది ఒప్పందం రోజున, వ్యాసాలవారీగా ఇనుము ఎంతెంతో అడగకపోవడం వల్ల. సన్న చువ్వలకు ఒక రేటు, లావు చువ్వలకు మరో రేటు అడిగే మేస్త్రీని కాంట్రాక్టరు మొదట విసుక్కున్నా, లెక్క ముందు పెడితే కాదనడం కష్టం.

ఇదే సూత్రం సరుకు నాణ్యతను చూడడానికీ పనికివస్తుంది. అధిక బలపు చువ్వల ప్రమాణమైన ఐఎస్ 1786 ప్రకారం, లెక్కబరువుకూ అసలు బరువుకూ మధ్య తేడా 10 మి.మీ. వరకు ఉన్న చువ్వల్లో నూటికి 7, అంతకుమించి 16 మి.మీ. వరకు 5, ఆపైన 3 వంతులకు మించకూడదు. లారీ దిగిన చువ్వల్లో కొన్నిటిని తూచి చూసి, ఈ హద్దు దాటి తక్కువగా ఉంటే ఇంజనీరు దృష్టికి తీసుకువెళ్లే పనివాడి మాటకు ఆ తర్వాత సైటులో ఉండే బరువే వేరు.

కాంక్రీటు కింద దాగే పని

స్తంభాలలో, దూలాలలో పొడవునా సాగే చువ్వలను చుట్టి పట్టి ఉంచే చిన్న చట్రాలను రింగులంటారు. 230 మి.మీ. వెడల్పు, 450 మి.మీ. లోతు ఉన్న దూలానికి, అన్నివైపులా 25 మి.మీ. కవర్ వదిలి, 8 మి.మీ. చువ్వతో రింగు చేయాలనుకుంటే దాని బయటి కొలతలు 180, 400 మి.మీ.లు అవుతాయి, చుట్టుకొలత 1,160. రెండు కొక్కేలకు, డ్రాయింగు చువ్వ వ్యాసానికి పదింతలు కోరితే, 80 చొప్పున 160 కలిపితే 1,320 వస్తుంది. చాలామంది హెల్పర్లు ఇక్కడే ఆగి చువ్వ కోసేస్తారు. మూల దగ్గర చువ్వ పదునుగా కాక గుండ్రంగా తిరుగుతుంది గనుక, బయటి కొలతలను కూడినప్పుడు మూలలు అసలుకన్నా ఎక్కువగా లెక్కకు వస్తాయి. అందువల్ల 90 డిగ్రీల మూలకు వ్యాసానికి రెండింతలు, 135 డిగ్రీల కొక్కేనికి మూడింతలు తీసివేయడం వాడుక. మూడు మూలలకు 48, రెండు కొక్కేలకు 48, వెరసి 96 తీసివేస్తే అసలు కోత పొడవు 1,224 మి.మీ. అవుతుంది.

ఈ తేడా గురించి ఒక చిక్కు విషయం గమనించాలి. 12 మీటర్ల చువ్వ నుంచి 1,320 చొప్పున కోసినా 9 రింగులే వస్తాయి, 1,224 చొప్పున కోసినా 9 రింగులే వస్తాయి; కాబట్టి రింగులను మాత్రమే లెక్కపెట్టే మేస్త్రీకి నష్టం కనిపించదు. కానీ మొదటి పద్ధతిలో చివరికి మిగిలేది 120 మి.మీ. తుక్కు కాగా, రెండో పద్ధతిలో మిగిలేది 984 మి.మీ. ముక్క, పై వరుస చువ్వలను ఎత్తుగా నిలబెట్టే కుర్చీలు చేయడానికి అది చక్కగా సరిపోతుంది. పైగా ఎక్కువైన ఆ 96 మి.మీ. ఊరికే పోదు: కొక్కేల తోకల్లోకి చేరి కాంక్రీటు దిగకుండా అడ్డుపడుతుంది, లేదా రింగునే పెద్దది చేసి కవర్‌ను తినేస్తుంది.

కవర్ అంటే కాంక్రీటు బయటి ముఖానికీ లోపలి ఇనుముకూ మధ్య ఉండే మందం. కాంక్రీటులోని క్షారగుణం ఇనుము తుప్పుపట్టకుండా కాపాడుతుంది. కవర్ తగ్గినచోట గాలీ తేమా త్వరగా లోపలికి చేరి ఆ రక్షణ పోతుంది. తుప్పు అసలు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక లోపలి నుంచి కాంక్రీటును పగలగొడుతుంది. ఐఎస్ 456 ప్రమాణం స్తంభాలకు సాధారణంగా 40 మి.మీ., పునాదులకు 50 మి.మీ. కవర్ కోరుతుంది. నిర్ణీత మందంతో పోతపోసిన కవర్ బ్లాకులకు బదులు దొరికిన కంకరరాయిని చువ్వ కింద తోసే అలవాటు ఎంత చిన్నదిగా కనిపించినా, ఇరవై ఏళ్ల తర్వాత స్లాబు అడుగున పెచ్చులు ఊడి, చువ్వలు బయటపడడానికి అదే మూలం. కొక్కేన్ని 90 డిగ్రీలకు బదులు 135 డిగ్రీల దాకా వంచి లోపలికి తిప్పమనడం వెనుక కూడా ఇలాంటి కారణమే ఉంది: భూకంపం వంటి కుదుపులో కవర్ రాలిపోయినప్పుడు 90 డిగ్రీల కొక్కెం విచ్చుకుంటుంది, లోపలికి పాతుకున్న కొక్కెం విచ్చుకోదు.

చువ్వల పొడవు చాలనిచోట రెండిటిని పక్కపక్కన కొంతదూరం కలిపి కట్టడాన్ని ల్యాపింగ్ అంటారు. ఇందులో పాత మేస్త్రీలు వ్యాసానికి యాభై ఇంతలు అనే కొండగుర్తు పాటిస్తారు. ఎఫ్ఈ 415 రకం చువ్వ, ఎం 20 కాంక్రీటు వాడిన కాలంలో ఐఎస్ 456 లెక్క ప్రకారం లాగుడు పడే చోట 47 ఇంతలు చాలు గనుక ఆ గుర్తు సరిపోయింది. ఇప్పుడు సైట్లకు ఎక్కువగా వస్తున్నది ఎఫ్ఈ 500 రకం. ఇందులోని సంఖ్య ఆ చువ్వ శాశ్వతంగా సాగిపోకుండా ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో చెబుతుంది. బలం పెరిగిన చువ్వను కాంక్రీటు పట్టి ఉంచడానికి ఎక్కువ పొడవు కావాలి కాబట్టి, అదే ఎం 20 కాంక్రీటులో లెక్క 57 ఇంతలకు చేరుతుంది. కాంక్రీటు అంతకన్నా బలమైన ఎం 25 అయితే మళ్లీ 49కి తగ్గుతుంది. అంటే 16 మి.మీ. చువ్వకు యాభై ఇంతల చొప్పున 800 మి.మీ. ల్యాపింగ్ ఇచ్చిన మేస్త్రీ ఎం 25 సైటులో సరిగ్గానే చేసినట్లు, ఎం 20 సైటులో 112 మి.మీ. తక్కువ చేసినట్లు అవుతుంది. చెయ్యి ఒకటే, అలవాటు ఒకటే; సరుకు మారింది. అనుభవాన్ని గౌరవించాలనే మాట మంచిదే గానీ, అనుభవం ఏ సరుకుతో సంపాదించినదో కూడా అడగాలి. డ్రాయింగులో వేరే కొలత ఇచ్చి ఉంటే ఏ కొండగుర్తూ దానికి సాటిరాదని వేరే చెప్పనవసరం లేదు.

ఎత్తున జరిగే పని

కర్మాగారాల షెడ్లు ఇప్పుడు ఎక్కువగా ముందే తయారైన ఉక్కు భాగాలతో లేస్తున్నాయి. విడిభాగాలు ఫ్యాక్టరీలో తయారై, రంధ్రాలు పడి, రంగు పూసుకొని లారీల్లో వస్తాయి, సైటులో వాటిని నిలబెట్టి బోల్టులు బిగించడమే మిగులుతుంది. ఈ పని చూడ్డానికి తేలిక కావడమే దాని ప్రమాదం. ఒక ఉక్కు ఫ్రేము తన వెడల్పు దిశలో ఎంత బలంగా ఉన్నా, పక్కకు మాత్రం చాలా బలహీనం. రెండు ఫ్రేములను ఏటవాలు కడ్డీలతో, అంటే బ్రేసింగుతో, కట్టి బిగించినప్పుడే ఆ గడి తన కాళ్లమీద తాను నిలుస్తుంది. పని వేగం కోసం బ్రేసింగును తర్వాతకు వాయిదా వేసి వరుసగా ఫ్రేములను నిలబెట్టుకుంటూ పోతే, బడి గోడవారన నిలిపిన సైకిళ్ల వరుసలా ఒక బలమైన ఈదురుగాలికి అన్నీ కలిసి ఒరిగిపోతాయి. మొదటి గడి పూర్తిగా బిగిసేదాకా, తాత్కాలికపు తాళ్లు కట్టేదాకా, మూడో ఫ్రేము లేపవద్దని చెప్పడం ఫిట్టరు హక్కు కూడా, బాధ్యత కూడా.

క్రేనుతో, లేదా సైట్లలో హైడ్రా అని పిలిచే చిన్న క్రేనుతో, దూలాన్ని లేపేటప్పుడు స్లింగుల కోణం మరో లెక్క. రెండు కాళ్ల స్లింగుతో 2 టన్నుల దూలాన్ని లేపితే ఒక్కో కాలు మీద ఒక టన్ను పడుతుందని అనుకోవడం సహజం. ఒక్కో కాలు నేలకు సమాంతరమైన గీతతో 60 డిగ్రీల కోణంలో ఉన్నప్పుడు దానిపై పడే లాగుడు సుమారు 1.15 టన్నులు, 45 డిగ్రీల వద్ద 1.41 టన్నులు, 30 డిగ్రీల వద్ద సరిగ్గా 2 టన్నులు. స్లింగు పొట్టిదై, కోణం చదునైన కొద్దీ, టన్నున్నర మోయగల స్లింగు కూడా తెగే స్థితికి వస్తుంది. పొడవైన స్లింగు కోసం అరగంట ఆగడానికి ఒప్పుకోని సూపర్‌వైజరుకు ఈ మూడు సంఖ్యలు చెప్పగలిగిన రిగ్గరు వాదన పెట్టుకోనవసరం లేదు.

ఎండ ప్రభావం కూడా లెక్కకు అందుతుంది. 30 మీటర్ల ఉక్కు వరుస, తెల్లవారుజామున ఉన్న స్థితి నుంచి 25 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 9 మి.మీ. సాగుతుంది, 20 మి.మీ. బోల్టు కోసం వేసిన రంధ్రం 22 మి.మీ. మాత్రమే. పొద్దున కలిసిన రంధ్రం మధ్యాహ్నం కలవకపోతే గ్యాస్ కటింగుతో దాన్ని వెడల్పు చేయడం పెద్ద తప్పు, ఎందుకంటే అలా కాలిన అంచు బలహీనమై బోల్టు బిగింపు నిలవదు. చల్లబడేదాకా ఆగడమో, ఇంజనీరును పిలవడమో తప్ప మూడో దారి లేదు. రంధ్రాలు కలవకపోవడం కొన్నిసార్లు ఎండకన్నా పెద్ద ముప్పుకు సూచన అని చరిత్ర చెబుతోంది.

కెనడాలో సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న క్విబెక్ వంతెన 1907 ఆగస్టు 29న కూలి 75 మంది చనిపోయారు. వంతెన ప్రధాన విస్తారాన్ని 1,600 అడుగుల నుంచి 1,800 అడుగులకు పెంచినప్పుడు దాని సొంత బరువు లెక్కను తిరిగి వేయకపోవడం మూలకారణాల్లో ఒకటి. కూలడానికి కొన్ని వారాల ముందునుంచే కింది ఉక్కు భాగాల్లో రివెట్ల రంధ్రాలు కలవకపోవడం, పలకలు వంగడం సైటులో కనిపించాయి; ఆ వంపు పెరుగుతున్నదని కొలిచి కూడా చూశారు. వాదోపవాదాల తర్వాత ఇక బరువు పెంచవద్దన్న తంతి వెళ్లింది గానీ అది సైటుకు కాక వేరే ఊరి కంపెనీ కార్యాలయానికి చేరింది. ఆ సాయంత్రమే వంతెన పడింది. పెద్ద ఇంజనీర్ల లెక్క తప్పినచోట, ఆ తప్పు మొదట కనబడింది టేపు పట్టుకున్న మనుషులకే. మృతుల్లో 33 మంది కానవాగే అనే ఒకే ఊరికి చెందిన మోహాక్ తెగవారు. అటుపిమ్మట న్యూయార్కు ఆకాశహర్మ్యాల నిర్మాణంలో పేరుపొందిన ఈ తెగవారికి ఎత్తంటే భయముండదనే కథ లోకంలో బాగా వ్యాపించింది. భయం తమకూ అందరిలాగే ఉంటుందనీ, దాన్ని నిభాయించడమే నేర్చుకున్నామనీ ఆ తెగ పనివారే తర్వాతి కాలంలో చెప్పారు.

ఎత్తులో ధైర్యానికన్నా దూరాల లెక్క ముఖ్యమని హార్నెస్ విషయంలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. నడుము, భుజాలు, తొడలు కలిపి పట్టే ఈ పట్టీల జతకు 1.8 మీటర్ల తాడు, కుదుపు తగ్గించే మడత పట్టీ ఉన్నాయనుకుంటే, పడినప్పుడు తాడు పొడవు 1.8 మీటర్లు, మడత విచ్చుకోవడానికి సుమారు 1.75 మీటర్లు, వీపు కొండి నుంచి పాదాల వరకు 1.5 మీటర్లు, భద్రత కోసం ఒక మీటరు కలిపితే కొక్కెం తగిలించిన చోటికి కింద సుమారు 6 మీటర్ల ఖాళీ కావాలి. కొక్కేన్ని తలపైన కాక పాదాల దగ్గర తగిలిస్తే పడే దూరం ఇంకా పెరుగుతుంది. నాలుగు మీటర్ల ఎత్తు షెడ్డులో ఇదే హార్నెస్ వేసుకున్న మనిషి, పట్టీలన్నీ సక్రమంగా ఉన్నా, నేలను తాకుతాడు. అక్కడ పొట్టి తాడో, తనంతట తాను చుట్టుకునే రకమో, గట్టి పరంజీయో కావాలి. పట్టీలకు వేలాడిన మనిషి కాళ్లలో నెత్తురు నిలిచిపోయి నిమిషాల్లో స్పృహ తప్పవచ్చు గనుక, పడినవాడిని ఎలా దించాలో పని మొదలుకాకముందే నిర్ణయించుకోవాలి. చేతి నుంచి జారిన బోల్టు 20 మీటర్ల కిందకు చేరేసరికి గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుందన్నది కింద నిలబడేవారు మరువరాదు.

వెల్డింగు గురించి ఒక్క మాట చాలు. మూలలో పోసే వెల్డు అంచు 6 మి.మీ. ఉంటే, బరువు మోసే మధ్య మందం దానికి 0.7 వంతు, అంటే 4.2 మి.మీ. మాత్రమే, పైకి ఉబ్బుగా మెరిసే వెల్డు బలమైనదని నమ్మే కన్ను ఇక్కడ మోసపోతుంది.

నేర్చుకోవడం, నమోదు చేసుకోవడం

ఈ లెక్కలన్నీ బడిలో ఐదో తరగతి దాటిన ఎవరికైనా అందేవే. అందకపోవడానికి కారణం తెలివి తక్కువ కావడం కాదు, సైటులో డ్రాయింగు ఇంజనీరు చేతిలోనే ఉండి కిందికి దిగకపోవడం. చువ్వల పట్టికలో ఒక్కో చువ్వకు ఒక గుర్తు, వ్యాసం, సంఖ్య, కోత పొడవు, వంపు ఆకారం ఉంటాయి. హెల్పరు రోజుకు ఒక గుర్తు చొప్పున కాగితంలో చూసి, కట్టినచోట వెతికి, తన లెక్కతో పోల్చుకుంటే ఒక భవనం పూర్తయ్యేలోపు పట్టిక చదవడం వస్తుంది. క్రమపద్ధతిలో నేర్వదలచినవారికి ధర్మపురిలో ప్రభుత్వ ఐటీఐ ఉంది; ఐటీఐల్లో వెల్డరు కోర్సు ఒక ఏడాది, దానికి ఎనిమిదో తరగతి చాలు; ఫిట్టరు కోర్సు రెండేళ్లు, దానికి పదో తరగతి కావాలి. తెలుగులో బోధన కోరేవారికి 1998లో హైదరాబాదులో ఏర్పడిన జాతీయ నిర్మాణ అకాడమీ కంబి పనితో సహా పలు వృత్తుల్లో శిక్షణ ఇస్తోంది.

ధర్మపురి తెలుగువారికి ఇంకొక అనుకూలత ఉంది, దాన్ని వారు పెద్దగా గుర్తించినట్లు లేదు. ఇంట్లో తెలుగు, బయట తమిళం, బెంగళూరులో కన్నడం, ఒడిశా, బీహారు, బెంగాలు నుంచి వచ్చిన హెల్పర్లతో కొంత హిందీ మాట్లాడగల మనిషి సైటులో అరుదు. క్రేను కింద సంజ్ఞ ఇచ్చేవాడి మాట అందరికీ ఒకేలా అర్థం కావలసిన చోట అతడే సహజంగా ముందుకు వస్తాడు. కొలతలు తెలిసి నాలుగు భాషల్లో చెప్పగలవాడిని ఫోర్‌మన్ చేయడానికి ఏ కాంట్రాక్టరూ ఎక్కువకాలం ఆలోచించడు.

ఇక మిగిలినది తన గురించి తాను వేసుకోవలసిన లెక్క. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయినప్పుడు, వారిలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి వచ్చిన వలస కూలీలు చాలామంది. క్విబెక్ దుర్ఘటన తర్వాత కానవాగే స్త్రీలు తమ మగవాళ్లందరూ ఇకపై ఒకే పనికి వెళ్లరాదని, వేర్వేరు చోట్లకు చీలి వెళ్లాలని పట్టుబట్టారని చెబుతారు. అన్నదమ్ములు, బావమరుదులు ఒకే ముఠాగా ఒకే సైటుకు కదిలే ధర్మపురి పల్లెల్లో కూడా ఆ మాట ఇళ్లలో చర్చకు రావలసినదే. కలిసి వెళ్లడం వల్ల వచ్చే ధీమా చిన్నది కాదు గనుక దీనికి ఒకే జవాబు ఉండదు.

తమిళనాడులో 1982 నాటి శారీరక శ్రామికుల చట్టం కింద 1994లో నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలి ఏర్పడింది. దేశమంతటికీ వర్తించేలా 1996లో వచ్చిన నిర్మాణ కార్మికుల చట్టం, 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసుండి, గడచిన పన్నెండు నెలల్లో 90 రోజులు నిర్మాణ పనిచేసినవారు సభ్యులుగా చేరవచ్చని చెప్పింది. నిర్ణీత సమయానికి మించిన పనికి రెట్టింపు కూలి కూడా అందులోనే ఉంది. ఈ 1996 చట్టం 2020 నాటి కొత్త కార్మిక కోడ్‌లలో కలిసింది. ఆ 90 రోజులను చూపడానికి కావలసింది తేదీ, సైటు పేరు, చేసిన పని, రావలసిన కూలి, అందిన కూలి రాసుకున్న చిన్న పుస్తకం, దానితోపాటు బ్యాంకు ఖాతాలో పడిన జమలు.

ఆ పుస్తకం విలువ ప్రమాదం జరిగినప్పుడు అంకెల్లోనే తెలుస్తుంది. ఈఎస్‌ఐ అనే కార్మిక బీమా పరిధిలో లేని కార్మికుడు పనిలో మరణిస్తే, 1923 నాటి నష్టపరిహార చట్టం ఏర్పరచిన పద్ధతి ప్రకారం నెలకూలిలో సగాన్ని వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చవేసి పరిహారం నిర్ణయిస్తారు. ముప్పై ఏళ్లవాడికి ఆ గుణకం 207.98. కేంద్రం 2020లో నిర్ణయించిన 15,000 రూపాయల గరిష్ఠ కూలి రుజువైతే కుటుంబానికి 15,59,850 రూపాయలు రావాలి. మేస్త్రీ చీటీలో నెలకు 9,000 అని మాత్రమే రాసి ఉండి, వేరే రుజువు ఏదీ లేకపోతే, అదే మనిషికి వచ్చేది 9,35,910 రూపాయలు. మిగతా 6,23,940 రూపాయలు ప్రతి శనివారం కూలి తీసుకునేటప్పుడు చీటీలో అసలు మొత్తం రాయించుకోవడం మీద, ఆ చీటీల్లో ఒక జత సైటు గుడిసెలో కాక ఊళ్లో ఇంటివద్ద ఉండడం మీద ఆధారపడి ఉంటాయి.